సమాధుల తోటకు వచ్చు బాటసారి పక్షులు

(అధ్యయన పాఠము – యౌవనస్థులకును పెద్దలకును)

పాఠోద్దేశము: మన పట్టణములలోని సమాధుల తోటలకు చలికాలమున వచ్చు వలస పక్షులను గుర్తించుట, అవి అక్కడికే ఎందుకు వచ్చునో తెలిసికొనుట, వాటి నిమిత్తము మనము చేయవలసినదియు, మానవలసినదియు నేర్చుకొనుట.



మనలో చాలమంది సమాధుల తోటకు వెళ్లునది రెండు సందర్భములలోనే. ఒకటి భూస్థాపన కూడికకు. మరియొకటి ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులతోను పూలతోను. మొదటి దినమున కన్నీళ్లతో నేలను చూతుము. రెండవ దినమున సమాధులను చూతుము. ఆ తోటలోని చెట్లవైపు తలయెత్తి చూచిన వారము కొద్దిమందిమే. మేమును అట్టివారమే.

2021 నవంబరులో ఒక సాయంకాలము మా సంఘములోని ఒక పెద్దమ్మగారిని భూస్థాపన చేసితిమి. మా తోట బస్సు డిపో ప్రక్కన, పాత ప్రహరీగోడ లోపల ఉన్నది. ప్రార్థన ముగిసి అందరు బయలుదేరిన తరువాత, మట్టి సరిచేయించుటకు మేము నలుగురము ఆగితిమి. ఆరు కావచ్చినది. పాత సమాధుల వెనుకనుండి రెండు స్వరముల ఈల వినబడినది. ఎవరో కుర్రవాడు ఈల వేయుచున్నాడని తలంచి, మందలింపవలెనని అటు నడిచితిమి. కుర్రవాడు లేడు. రాలిన వేపాకుల గుట్టమీద గోరువంక కంటె చిన్నదైన ఒక పక్షి నిలిచియున్నది. వీపు ఆకుపచ్చ, రొమ్ము లేత పసుపు, కంటిమీదుగా నల్లని పట్టె, పొట్టి తోకక్రింద ఎర్రని రంగు. అది ముక్కుతో ఒక ఆకును తిరగవేసి, పురుగును తీసికొని, మమ్మును చూచి గంతులు వేయుచు పొదలోనికి పోయినది.

తోట కాపలా చూచు పెద్దాయనను అడిగితిమి.

"అదా అయ్యగారూ? ప్రతి ఏడూ వస్తది. పొద్దున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి అరుస్తది. ఎండలు ముదిరేసరికి కనపడదు. ఎక్కడికి పోతదో ఏమో."

ఆయన దానిని పదునైదేండ్లుగా ఎరుగును. అదే తోటకు అన్ని ఏండ్లుగా వచ్చుచు పోవుచున్న మేము ఒక్కసారియైనను చూడలేదు. ఈ పాఠము ఆ సాయంకాలమున పుట్టినది.

1. దాని పేరు మన భాషయే

ఆ పక్షి పొన్నంగి పిట్ట. శాస్త్రజ్ఞులు దానిని "పిట్టా" అను ప్రజాతిలో చేర్చిరి. 1816లో ఒక ఫ్రెంచి పక్షి శాస్త్రజ్ఞుడు ఆ పేరు స్థిరపరచెను. అది మన తెలుగు "పిట్ట" అను మాటయే. ఈనాడు ఆఫ్రికాలోను, మలేసియాలోను, ఆస్ట్రేలియాలోను ఉన్న ఆ కుటుంబపు పక్షులన్నిటిని ప్రపంచమంతయు తెలుగు మాటతోనే పిలుచుచున్నది. 1840ల దశకములో నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డన్ దొర 1862 నుండి 1864 వరకు ప్రకటించిన భారతదేశ పక్షుల గ్రంథములో అనేక పక్షులకు తెలుగు పేర్లను కూడ వ్రాసెను.

తమిళనాట స్థిరపడిన మనవారు ఈ పక్షిని "ఆరుమణి కురువి" అని వినియుందురు. ఆరుగంటల పిట్ట అని దాని అర్థము. మా కాపలా పెద్దాయన తమిళము ఎరుగడు. అయినను అదే సంగతి తన కంటితోను చెవితోను కనిపెట్టెను. మహారాష్ట్రలో దానిని "నవరంగ్" అందురు.

ఈ పక్షి హిమాలయపు అడుగు కొండలలోను, మధ్య భారతపు అడవులలోను వానాకాలమున గూడు కట్టి పిల్లలను పెంచును. చలికాలమునకు దక్షిణాదికిని సింహళమునకును వచ్చును. రాత్రివేళ ఎగిరి, తెల్లవారునప్పటికి అలసి, ఎక్కడ నీడ దొరికిన అక్కడ దిగును. సెప్టెంబరు నుండి నవంబరు వరకు పట్టణములలో ఇండ్ల వరండాలలో, స్నానపు గదులలో సొమ్మసిల్లిన పొన్నంగి పిట్టలు అప్పుడప్పుడు దొరకుట ఇందువలననే.

2. ఇవి ఎందుకు ప్రయాణము చేయును?

చలికి తాళలేక వచ్చునని సాధారణముగా చెప్పుకొందుము. అది సగము నిజమే. ఈకలు గల ప్రాణికి చలికంటె ఆకలి పెద్ద శత్రువు. ఉత్తర దేశములలో చలికాలము రాగానే ఆకులు రాలును, పురుగులు కనబడవు. పురుగులనే తిని బ్రదుకు పిట్ట అక్కడ నిలువలేదు. వేసవిలో అక్కడ పగలు దీర్ఘము, పురుగులు విస్తారము. పిల్లలను పెంచుకొనుటకు ఆ చోటు మంచిది. కాబట్టి అది రెండు చోట్ల కాపురము చేయును.

చిన్న పిట్టలలో చాలవరకు రాత్రివేళనే ఎగురును. రాత్రి గాలి చల్లగాను నిలకడగాను ఉండును, డేగల భయము తక్కువ, పగటివేళ మేతకు మిగులును. నక్షత్రములు, అస్తమించు సూర్యుని దిక్కు, భూమియొక్క అయస్కాంత శక్తి వాటికి దారి చూపునని పరిశోధనలు తేల్చినవి. పలు జాతులలో ఆ ఏడు పుట్టిన పిల్ల తల్లిదండ్రుల తోడు లేకయే మొదటి ప్రయాణము చేయును. తాను ఎన్నడును చూడని దేశమునకు, ఎవరును వెంట లేక, సరియైన దిక్కున పోవును. ఇంటినుండి మొదటిసారి రైలెక్కి పరాయి రాష్ట్రమునకు వచ్చిన మన తాతలకైనను చేతిలో ఒక చిరునామా కాగితము ఉండెను.

పక్షులు తమ రాక కాలమును ఎరుగునన్న సంగతి ప్రాచీనులును గమనించిరి. యిర్మీయా గ్రంథము 8వ అధ్యాయములో వలస పక్షుల ప్రస్తావన కలదు. పాలస్తీనా దేశము ఐరోపాకును ఆఫ్రికాకును నడుమ వలస పక్షుల రాజమార్గములో ఉన్నందున అక్కడివారు ఏటేట వాటిని చూచుచుండిరి.

3. సమాధుల తోటకే ఎందుకు?

తెల్లవారుజామున ఆకాశమునుండి పట్టణమును చూచు పిట్టకు మేడలు, రోడ్లు, రేకుల కప్పులు కనబడును. వాటి నడుమ ఒక పచ్చని ముక్క కనబడిన, చుట్టుప్రక్కల అలసిన పిట్టలన్నియు అక్కడికే దిగును. అడవిలోనైతే అవి మైళ్ల పొడవున చెదరిపోవును, మనకు కనబడవు. పట్టణములోనైతే రెండెకరములలో కూడుకొనును. కాబట్టి వలస పక్షులను చూడగోరువానికి పెద్ద అడవికంటె పట్టణములోని చిన్న తోటయే కొన్ని ఉదయములలో మేలు.

దీనికి ప్రపంచములో పేరుపడిన దృష్టాంతము అమెరికాలోని మౌంట్ ఆబర్న్ సమాధుల తోట. అది బోస్టన్ నగరము చెంత, కేంబ్రిడ్జి పట్టణమున 1831లో ఏర్పడినది. అంతకుముందు అక్కడ సమాధులు దేవాలయపు ఆవరణలలో ఇరుకుగా ఉండెడివి. ఈ తోటను సుమారు 175 ఎకరములలో కొండలు, చెరువులు, వంకర బాటలు, నానావిధ వృక్షములతో పెంచిరి. చచ్చినవారి నిమిత్తము నాటిన చెట్లు ఎగిరిపోవు పిట్టలకు సత్రమైనవి. దక్షిణ అమెరికానుండియు, కరీబియన్ దీవులనుండియు ఉత్తరమునకు పోవు వార్బ్లర్ జాతి పిట్టలు ఏప్రిలు చివరనుండి మే చివరవరకు అక్కడ దిగును. ఆ నెలలో తెల్లవారకమునుపే దుర్భిణీలు మెడలో వేసికొని జనులు గేటువద్ద చేరుదురు.

విలియం బ్రూస్టర్ అను పక్షి శాస్త్రజ్ఞుడు (1851–1919) ఆ ఊరివాడే. ఆ ప్రాంతపు పక్షులనుగూర్చి 1906లో గ్రంథము ప్రకటించెను. ఆయన సమాధియు ఆ తోటలోనే ఉన్నది. ప్రతి వసంతమున ఆయన ఎరిగిన జాతుల పిట్టలే ఆయన సమాధిమీది కొమ్మలలో పాడుచున్నవి.

మన తోటలు అంత పెద్దవి కావు. అయినను మర్రి, వేప, కానుగ, నిద్రగన్నేరు, దేవగన్నేరు వంటి పాత చెట్లు, గోడవెంట పొదలు, రాత్రి జనసంచారము లేకుండుట, నేలమీద రాలిన ఆకులు – ఈ నాలుగును వాటియందును కలవు. తమిళమున సమాధుల స్థలమును "కల్లరైత్తోట్టం" అందురు. అక్కడను తోటయే, మన మాటలోను తోటయే. తోట అను పేరును నిలుపుకొనుట మనచేతిలో ఉన్నది.

4. ఎవరెవరు వచ్చుదురు?

మొదట ఈ అయిదింటిని నేర్చుకొన్నచో చాలును.

(అ) పొన్నంగి పిట్ట. పైన చెప్పితిమి. నేలమీద, ఆకులలో, నీడలో వెదకవలెను. ఉదయము ఆరింటికి, సాయంకాలము ఆరింటికి రెండు స్వరముల ఈల.

(ఆ) పచ్చచాయ వార్బ్లర్. ఆకుల రంగులో ఆకులనడుమ తిరుగును గనుక కంటికంటె చెవికే ముందు తెలియును. "చి-వీ" అని పదునుగా పలుకును. దాని బరువు సుమారు 8 గ్రాములు.  సైబీరియానుండియు, హిమాలయములనుండియు వచ్చును. చలికాలమంతయు తనకు కొన్ని చెట్లను ఏర్పరచుకొని, మరియొకటి వచ్చిన తరుమును. కనుక ఈ వారము ఒక వేపచెట్టులో వినినయెడల వచ్చే వారమును అక్కడే వినవచ్చును.

(ఇ) బ్లైత్ రెల్లు వార్బ్లర్. మట్టిరంగు పిట్ట, గోడవెంట పొదలలో దాగును. "చెక్, చెక్" అని నాలుక చప్పరించినట్లు పలుకును. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియమును చూచుకొనిన ఎడ్వర్డ్ బ్లైత్ పేర దానికి ఆ పేరు వచ్చినది. ఫిన్లాండు మొదలుకొని సైబీరియా వరకు గూళ్లు కట్టి, చలికాలమును మన దేశమున గడుపును. ఫిన్లాండునుండి దక్షిణ భారతమునకు 5000 కిలోమీటర్లకు పైబడిన దారి. పొద చిన్నదే, దానిలోని అతిథి వచ్చిన దూరము చిన్నది కాదు.

(ఈ) బూడిదరంగు కాటుకపిట్ట. వీపు బూడిదరంగు, పొట్ట పసుపు, పొడవు తోకను ఎడతెగక పైకిని క్రిందికిని ఆడించును. పూలకుండీలకు నీళ్లు పట్టు కుళాయివద్ద, తడినేలమీద చూడవలెను. ఆగస్టు సెప్టెంబరు నెలలలోనే వచ్చును. వలస పిట్టలలో ముందుగా మనకు కబురు తెచ్చునది ఇదియే.

(ఉ) గులాబీ గోరువంక. ఒళ్లు గులాబి, తల, రెక్కలు నలుపు. తూర్పు ఐరోపానుండియు, మధ్య ఆసియానుండియు గుంపులుగా వచ్చును. మాఘ ఫాల్గుణ మాసములలో బూరుగు, మోదుగ పూచినప్పుడు ఆ చెట్లమీద సంతవలె గోల చేయును. మీ తోటలో బూరుగు చెట్టు ఉన్నయెడల వీటికై వెదకనక్కరలేదు.

ఇవి గాక, ఉత్తర మధ్య భారతములనుండి వచ్చు తెల్లని రిబ్బను తోక పిట్ట ఒక్కొక్క ఏడు దర్శనమిచ్చును. మగది పండుముసలి గడ్డమువలె తెల్లనిది. తోక ఒంటికంటె పొడవు. దానిని మొదటిసారి చూచినవాడు ఆ దినమును మరువడు.

5. చూచు విధానము

కాలము: సెప్టెంబరు చివరనుండి నవంబరు చివరవరకు రాక, మార్చి, ఏప్రిలు నెలలు పోక. ఈస్టరు మార్చి 22కును ఏప్రిలు 25కును నడుమ పడును గనుక, మన ఈస్టరు ఉదయము సరిగా వాటి ప్రయాణపు దినములలోనే వచ్చును. చలికాలమంతయు ముక్తసరిగా పలికిన వార్బ్లర్లు కొన్ని, బయలుదేరుటకు ముందు తమ పూర్తి పాట ఎత్తుకొనును. వచ్చే ఈస్టరున మన పాట ముగిసిన తరువాత అయిదు నిమిషములు మౌనముగా నిలిచి వినుడి.

గడియ: సూర్యోదయము మొదలు రెండు గంటలు. ఎండ ఎక్కిన తరువాత పిట్టలు నీడలో ఊరకుండును.

పద్ధతి: నడచుటకంటె నిలుచుట మేలు. ఒక చెట్టు ఎంచుకొని, దానికి పది అడుగుల దూరమున పావుగంట నిలువుడి. మొదట వినుడి, తరువాత చూడుడి. ఆకు కదలినచోట గాలి లేకున్నయెడల పిట్ట ఉన్నది. దుర్భిణీ లేకపోయినను పనిలేదు. ఫోనులో కూతను గుర్తించు మెర్లిన్ వంటి యాప్ ఈనాడు ఉచితముగా దొరకును; అయితే కూతను తిరిగి వినిపించి పిట్టను రప్పింపకూడదు. అలసిన ప్రయాణికుని తలుపు ఊరక తట్టి లేపుటవంటిది అది.

మర్యాద: కుటుంబమెవరైనను సమాధివద్ద నిలిచియుండగా అటు పోరాదు. సమాధులమీద కాలు మోపరాదు, కూర్చుండరాదు. కాపలావానితో చెప్పి లోనికి వెళ్లుడి. ఆయనకు మీకంటె ఎక్కువ తెలిసియుండును.

వ్రాత: ఒక నోటుపుస్తకములో తేదీ, గడియ, చెట్టు, పిట్ట – ఈ నాలుగు వ్రాయుడి. చిన్న సంగతియని తలంపవద్దు. 2007లో మన దేశమున ఆరంభమైన మైగ్రెంట్‌వాచ్ అను పథకము సామాన్య జనులు పంపిన ఇట్టి తేదీలతోనే వలస పిట్టల రాకపోకలను లెక్కగట్టినది. తమిళనాట 2015 నుండి పొంగలు దినములలో పక్షుల లెక్క జరుగుచున్నది. ఈబర్డ్ అను జాలస్థలములో మీ తోట లెక్కను కూడ చేర్చవచ్చును.

6. శుభ్రపరచుటలో జాగ్రత్త

ఇది ఈ పాఠములో ముఖ్యభాగము.

2022 అక్టోబరులో మా తోటను శుభ్రపరచవలెనని మేమే తీర్మానించితిమి. మంచి ఉద్దేశముతోనే చేసితిమి. గోడవెంట పొదలన్నియు నరికించితిమి, రాలిన ఆకులన్నియు ఊడ్పించి తగులబెట్టించితిమి, సమాధులకు సున్నము వేయించితిమి. తోట అద్దమువలె ఉన్నదని అందరు మెచ్చిరి. ఆ నవంబరులో ఆరుగంటల ఈల వినబడలేదు. కాపలా పెద్దాయన మాత్రము, "ఆకు లేదు, పురుగు లేదు, అది ఏం తినను అయ్యగారూ?" అనెను. మాకు మాట రాలేదు.

ఒక్క ఏటి లెక్కతో తీర్పు చెప్పరాదు. వలస పిట్టకు త్రోవలో ఆపదలు వేయి. అయినను ఆయన మాటలో శాస్త్రము కలదు. రాలిన ఆకులక్రింద తేమ నిలుచును. తేమలో వానపాములు, చెదలు, పేడపురుగులు, సాలీళ్లు బ్రదుకును. పొన్నంగి పిట్ట ఆకులు తిరగవేసి వాటిని తినును. ఆకులు కాల్చితే ఆ భోజనపు బల్లయే కాలిపోవును. గోడవెంట పొద పోయినయెడల రెల్లు వార్బ్లరుకు దాగుచోటు పోవును.

2023లో మరల కూర్చుండి ఆలోచించితిమి. సమాధుల నడుమ సిమెంటు పరిపించవలెనని కొందరు కోరిరి. వర్షాకాలమున బురద, పాముల భయము, వృద్ధులు జారిపడుట – వారి మాటలు త్రోసివేయదగినవి కావు. చివరకు ఇట్లు ఏకీభవించితిమి: నడచు బాటలకు మాత్రము రాళ్లు పరచుట, మిగిలిన నేల మట్టిగానే ఉంచుట, సమాధులమీదను బాటలమీదను ఆకులు ఊడ్చి, పాత సమాధుల వెనుక మూలన గుట్టగా పోయుట, కాల్చకుండుట, తూర్పు గోడవెంట పొదలను ఏప్రిలు ముగియువరకు ముట్టకుండుట, పెద్ద చెట్టు కొట్టవలసివచ్చిన సంఘపు అనుమతి లేక కొట్టకుండుట, రాత్రివేళ పెద్ద దీపములు ఆర్పివేయుట. రాత్రి ప్రయాణపు పిట్టలను పట్టణపు వెలుగు దారి తప్పించి, అద్దముల మేడలకు ఈడ్చి చంపుచున్నది గనుక ఈ కడపటిది చేర్చితిమి.

ఆ ఏడు అక్టోబరు చివర వారమున ఒక తెల్లవారుజామున పెద్దాయన ఫోను చేసెను. మాటాడలేదు; ఫోనును పొదవైపు పట్టుకొనెను. రెండు స్వరముల ఈల వినబడినది. అది పాత అతిథియో, క్రొత్త అతిథియో మేము చెప్పలేము. సత్రము మరల తెరచియున్నదని మాత్రము చెప్పగలము.

ముగింపు

పరాయి రాష్ట్రములలో మూడు నాలుగు తరములుగా నివసించు మనవారిలో అనేకులకు ఇల్లు అద్దెది, పని కంపెనీది, బడి ప్రభుత్వముది. సంఘముగా మనకు సొంత నేల అనదగినది ఆ సమాధుల తోటయే. మన ముందటివారు అక్కడ చెట్లు నాటి, వాటి నీడలో పండుకొనియున్నారు. ఆ నీడలో ఆరు నెలలు తలదాచుకొనుటకు ఫిన్లాండునుండియు, హిమాలయములనుండియు బాటసారులు వచ్చుచున్నారు. వారు మననుండి అడుగునది ఒక పొద, కొంచెము రాలిన ఆకు, కొంచెము చీకటి. ఇది ఇచ్చుటకు చందా పుస్తకము అక్కరలేదు.

చర్చకు ప్రశ్నలు

1. మీ సమాధుల తోటలో ఏయే చెట్లు ఉన్నవి? వాటిని ఎవరు నాటిరి? పెద్దలనడిగి వ్రాయుడి.
2. వలస పిట్టకు చలికంటె ఆకలి పెద్ద శత్రువు అనుటకు కారణమేమి?
3. అడవికంటె పట్టణపు తోటలో వలస పిట్టలు ఎక్కువగా కనబడుటకు కారణమేమి?
4. మీ తోటను ఏ నెలలో శుభ్రపరచుచున్నారు? ఆ నెల మార్చవచ్చునా? వృద్ధుల క్షేమమును, పిట్టల క్షేమమును రెండింటిని కాపాడు ఏర్పాటు ఏది?
5. యౌవనస్థులకు పని: అక్టోబరు మొదలు ఏప్రిలు వరకు నెలకు ఒక ఉదయము తోటలో ఒక గంట గడిపి, చూచిన పిట్టల పట్టిక తయారుచేసి, సంఘపు బోర్డుమీద అంటించుడి.